హార్డ్‌టెయిల్‌కి టైటానియమా, స్టీలా? రెండూ తొక్కినవాళ్ళు చెప్పండి

రాళ్ళబాట
నాది హార్డ్‌టెయిల్, అంటే ముందు ఫోర్కుకే సస్పెన్షన్ ఉన్న మౌంటెన్ బైక్. ఆరేళ్ళుగా తొక్కుతున్న అల్యూమినియం ఫ్రేమ్ చైన్‌స్టే (వెనక చక్రం దాకా వెళ్ళే కింది గొట్టం) దగ్గర పగిలింది. 130 మి.మీ. నొక్కుకునే ఫోర్కు, 29 అంగుళాల చక్రాలు, బ్రేకులు అన్నీ బాగానే ఉన్నాయి, ఫ్రేమ్ ఒక్కటే మార్చాలి. ఈసారి కొన్నది పదిహేనేళ్ళు ఉండాలని నా కోరిక. టైటానియం తీసుకుంటే దాచిన డబ్బంతా దానికే సరిపోతుంది. స్టీలైతే కొత్త చక్రాలు కూడా వచ్చేస్తాయి. నా బరువు 84 కిలోలు, వానల్లోనూ ఆపను. టైటానియం రాళ్ళ మీద మెత్తగా పోతుందంటారు, అందులో నిజమెంత?

గేరుపన్ను
రెండూ నా దగ్గరే ఉన్నాయండి. స్టీలు ఫ్రేమ్ 2.5 కిలోలు, టైటానియం 1.8. చేత్తో లేపితే ఆ 700 గ్రాములు బాగా తెలుస్తాయి. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం నీళ్ళ సీసా నిండుగా ఉన్నప్పటికీ ఖాళీ అయ్యాకకీ ఉండే తేడా అంతే.

మెత్తదనం మాట నేనూ నమ్మాను. కొత్తలో వారం రోజులు గాల్లో తేలినట్టుండేది. తీరా చూస్తే టైటానియానికి 2.6 అంగుళాల వెడల్పు టైర్లు వేశాను, స్టీలుకి పాత 2.3వే ఉన్నాయి. ఆ 2.6 టైర్లే స్టీలుకి మార్చి, గాలి కూడా అదే 21 పీఎస్ఐ పెట్టి, అదే రాళ్ళ దిగుడులో తొక్కాను. తేడాలో చాలా భాగం పోయింది. మిగిలిన ఆ కాస్తా లోహానిదో, సీట్‌పోస్టుదో (సీటుని మోసే గొట్టం) ఇప్పటికీ విడదీసి చెప్పలేను.

ట్యూబులెక్క
గేరుపన్ను గారు చెప్పింది లెక్కకీ సరిపోతుంది. స్టీలు సాంద్రత ఘన సెంటీమీటరుకి 7.85 గ్రాములు, టైటానియానిది 4.5 లోపు. కానీ యంగ్ గుణకం, అంటే వంగకుండా నిలిచే గుణం, స్టీలుకి సుమారు 200 గిగాపాస్కల్స్ అయితే టైటానియానికి దాదాపు సగమే. అంటే అదే కొలతల ట్యూబు టైటానియంలో చేస్తే రెండింతలు వంగుతుంది. అందుకే ఫ్రేమ్ కట్టేవాళ్ళు వ్యాసం పెంచుతారు. పలుచటి గోడ ట్యూబులో గట్టిదనం వ్యాసం ఘనంతో పెరుగుతుంది కాబట్టి, గోడ మందం మార్చకుండా 35 మి.మీ.ని 44 చేస్తే చాలు, పోయిన గట్టిదనం తిరిగొచ్చేస్తుంది. కాబట్టి లోహం పేరు విని మెత్తదనం చెప్పలేం. ఫ్రేమ్ వెనక త్రికోణం నిలువుగా నొక్కుకునేది ఎలాగూ చాలా తక్కువ, అదే చోట టైరు సెంటీమీటర్ల లెక్కన నొక్కుకుంటుంది.

టైటానియం రకాలకి 3-2.5, 6-4 అని రాసే అంకెలు చూసి కంగారు పడొద్దు. అవి అల్యూమినియం, వెనేడియం శాతాలు. ట్యూబులు ఎక్కువగా మొదటి రకంలోనే వస్తాయి, రెండోది డ్రాపౌట్ల (వెనక ఇరుసు బిగించే ముక్కలు) లాంటి చోట్ల వాడతారు.

ఆర్గాన్
నేను టిగ్ వెల్డింగ్ (ఆర్గాన్ వాయువు కాపలాలో కరెంటుతో అతకడం) చేస్తాను. టైటానియం 400 డిగ్రీలు దాటితే గాలిలోని ఆక్సిజన్‌ని, నైట్రోజన్‌ని పీల్చుకుని పెళుసైపోతుంది. బయటే కాదు, ట్యూబు లోపల కూడా ఆర్గాన్ నింపి చెయ్యాలి. అతుకు వెండిలా మెరిసినా, లేత గడ్డి రంగులో ఉన్నా మంచిదే. ముదురు నీలం, బూడిద రంగు, తెల్లటి పొడి కనిపిస్తే ఆ ఫ్రేమ్ ముట్టుకోకండి. కాకపోతే రంగుని బ్రష్‌తో రుద్దేసి అమ్మితే మనకి తెలియదు. అందుకే వారంటీ ఎన్నేళ్ళో, పగిలితే ఎవరు బాగుచేస్తారో ముందే అడగండి. స్టీలుకి ఆ బెంగ తక్కువ. పలుచటి ట్యూబుకి చెయ్యి తిరిగిన మనిషి కావాలి గానీ, అలాంటివాళ్ళు దొరుకుతారు.

వానచక్రం
నాది స్టీలు, తొమ్మిదో ఏడు. అయిదో ఏట సీట్ ట్యూబు, టాప్ ట్యూబు కలిసే చోట రంగు మీద వెంట్రుకంత గీత కనిపించింది. గీరుకుపోయిందనుకుని వదిలేశాను. రెండు వారాలకి తుడుస్తుంటే గుడ్డ పోగు అక్కడ చిక్కుకుంది, గీత అంచున టీ మరకలాంటి తుప్పు. పాత ముక్క కోసి కొత్త ట్యూబు అతికించారు, నాలుగేళ్ళుగా దాని మీదే తొక్కుతున్నాను.

భయపడాల్సిన తుప్పు ఎక్కువగా బయట నుంచి కాదు, లోపల నుంచి వస్తుంది. బాటమ్ బ్రాకెట్ (పెడళ్ళ ఇరుసు తిరిగే చోటు) కింది చిన్న రంధ్రం మట్టితో మూసుకుపోతే నీళ్ళు లోపలే నిలుస్తాయి. నేను ఏడాదికోసారి విప్పి, ఆరబెట్టి, తుప్పు నిరోధక నూనె కొడతాను. అల్యూమినియం సీట్‌పోస్టుకి గ్రీజు పెట్టకుండా వదిలేస్తే స్టీలులోనూ టైటానియంలోనూ పట్టేస్తుంది, అది మాత్రం మర్చిపోకండి.

గేరుపన్ను
ఈ తుప్పు పనేదీ లేకపోవడమే నాకు టైటానియంలో నచ్చింది. బురదతో వచ్చి, నీళ్ళు కొట్టి, గోడకి ఆనించి పడుకుంటాను. రంగు లేదు కాబట్టి లేచిపోయేదీ లేదు. దానికి విలువ కట్టేవాళ్ళు కొనొచ్చు, తప్పేం లేదు.

పాతికేళ్ళసైకిల్
పదిహేనేళ్ళు అన్నారు కాబట్టి ఒక మాట, తమ్ముడూ. నా పాత టైటానియం ఫ్రేమ్‌లో ఒక్క పగులు లేదు. కానీ అది 26 అంగుళాల చక్రాలకి, వెనక 135 మి.మీ. ఇరుసుకి, సన్నటి నిటారు స్టీరర్ (హ్యాండిల్ దాకా వెళ్ళే గొట్టం) ఉన్న ఫోర్కుకి చేసింది. దానికి సరిపోయే మంచి ఫోర్కు ఇప్పుడు వెతికినా దొరకదు. లోహం కన్నా ముందు ఈ కొలతలు చూసుకో. హెడ్ ట్యూబు (ఫ్రేమ్ ముందు గొట్టం) కింద లావు, పైన సన్నం ఉండే టేపర్డ్ స్టీరర్ పట్టేదా, వెనక ఇరుసు 148 మి.మీ.నా, డ్రాపౌట్లు మార్చుకునేవా? ఇవన్నీ స్టీలులో సరిగ్గా ఉండి, టైటానియంలో ఒకటి తగ్గినా నేనైతే స్టీలే తీసుకుంటాను.

రాళ్ళబాట
అందరికీ ధన్యవాదాలు. పాతికేళ్ళసైకిల్ అన్నా, మీ మాటతో తేలిపోయింది. స్టీలు ఫ్రేమ్, మిగిలిన డబ్బుతో చక్రాలు, 2.6 టైర్లు. ఇంకొక్కటే సందేహం. సీట్ ట్యూబు కింది భాగం వంగి ఉంది. నా 200 మి.మీ. డ్రాపర్ (మీట నొక్కితే సీటుని కిందికి దించే సీట్‌పోస్టు) పూర్తిగా లోపలికి దిగుతుందా?

ట్యూబులెక్క
పైనుంచి వంపు మొదలయ్యే దాకా కొలవండి. సీసా స్టాండు బోల్టులు లోపలికి పొడుచుకొచ్చాయేమో కూడా చూడండి, చాలాసార్లు పోస్టు అక్కడే ఆగిపోతుంది. డ్రాపర్‌లో కాలర్ కింద నుంచి అడుగు దాకా ఉన్న పొడవుతో పోల్చి, కేబుల్ తిరగడానికి మూడు సెంటీమీటర్లు వదలండి. కొలతలు ఇక్కడ పెడితే నేనూ చూసి చెప్తాను.