ఆల్బమ్ రివ్యూ తెలుగులో ఎలా రాయాలి?

ప్రశ్న (తార్నాక నుంచి):
జానపదం, ఇండీ, జాజ్, ఏది కొత్తగా వచ్చినా మెట్రోలో వింటూనే ఉంటాను. రాద్దామని కూర్చుంటే మాత్రం "బాగుంది, హాయిగా ఉంది" తప్ప మాట రావట్లేదు. జాజ్ అంటే మరీ టెన్షన్. థియరీ తెలియకుండా రాయొచ్చా అండీ?

జవాబు:
తప్పకుండా రాయొచ్చు. కానీ మెట్రోలో వింటే చాలదండీ, బేస్ అంతా రైలు చప్పుడులో కొట్టుకుపోతుంది. రాత్రి ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మూడుసార్లు వినండి, రెండోసారి ఒక్క వాయిద్యం వెంటే వెళ్లండి. జాజ్‌ని మన సంగీతంతో కలిపే శక్తి బృందం ఆల్బమ్, 2024లో గ్రామీ గెలిచిన 'దిస్ మొమెంట్'తో మొదలుపెట్టండి. జాకిర్ హుస్సేన్ తబలా, సెల్వగణేశ్ కంజీర (చేత్తో పట్టుకుని వాయించే చిన్న తోలు వాయిద్యం) ఒకదానికొకటి ఎక్కడ చోటిస్తున్నాయో పట్టుకుని, అదే రాయండి.

ఇంకో జవాబు:
జానపదం గురించి నా మాట. ఫ్యూజన్ పేరుతో వచ్చేవాటిలో చాలాసార్లు డప్పు మొదట్లో నాలుగు దెబ్బలు వినిపించి, ఆ తర్వాత కీబోర్డు కింద అణిగిపోతోంది, నాకది నిజంగా బాధగా ఉంటుంది. కిన్నెర ఉంటే సొరబుర్రల గుల్ల శబ్దం, తీగ మీద వేలు గీరుకున్న చప్పుడు కూడా వినపడాలి కదా. మిక్సింగ్‌లో అవి తుడిచేస్తే మొహమాటం లేకుండా రాయండి. పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది, అయినా ఆల్బమ్‌లలో వాయించినవాళ్ల పేర్లు ఇంకా వెతుక్కోవాల్సి వస్తోంది. మీరైనా వేయండి.

ప్రశ్న అడిగినవారు:
రాత్రి కంజీర వెంటే వెళ్లాను. అంత చిన్న వాయిద్యంలో అంత లోతైన శబ్దమా! తోలు మీద నీళ్లు చల్లి శ్రుతి దించుతారని చదివి మళ్లీ విన్నాను. మొదటి పేరా దాని మీదే రాశాను.