పై అధికారితో నేరుగా మాట్లాడితే తప్పా?

మూడోఅంతస్తు:
మా మేనేజర్లందరికీ పోయిన నెల రెండు రోజులు ట్రైనింగ్ అయింది. వచ్చీ రాగానే ఒక మెయిల్ పెట్టారు: "ఇకమీదట ఎవరైనా డైరెక్టర్‌తో నేరుగా మాట్లాడవచ్చు." అదే మెయిల్ చివర చిన్న గీత కింద, "ముందుగా టీమ్ లీడర్‌కు తెలియజేయాలి." నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈ మేనేజ్‌మెంట్ సిద్ధాంతాల వల్ల ఆఫీసులో మాట తీరు నిజంగా మారుతుందా? లేక అంతా బాస్ మూడ్‌ని బట్టేనా?

షిఫ్ట్ఇంచార్జి:
మారడమేంటి, ఎప్పుడో మారిపోయింది. 1911లో అమెరికా ఇంజనీరు టేలర్ మేనేజ్‌మెంట్ పుస్తకం వచ్చింది. ఆలోచించడం మేనేజర్ పని, చేయడం కార్మికుడి పని అన్నాడు. అలా విడదీశాక ఇక మాటకు మిగిలేది రెండే దారులు: ఆర్డర్ కిందికి, లెక్క పైకి. 1916లో ఫ్రాన్స్ గనుల ఇంజనీరు హెన్రీ ఫేయోల్ దానికి మెట్లు కట్టాడు. ఒక మనిషికి ఆజ్ఞ ఇచ్చేది ఒక్కరే ఉండాలి, కబురు అంచెలంచెలుగా నడవాలి. అందులో తప్పేముంది? ఇద్దరు బాసుల మధ్య నలిగినవాళ్లకు దాని విలువ తెలుస్తుంది.

తలుపుతీయండి:
ఫేయోల్‌ని సగమే చదివారు సార్. ఆయనే అక్కడ వంతెన గురించి కూడా చెప్పాడు. ఒక విభాగంలో కింది మెట్టు మీదున్న 'ఎఫ్' ఇంకో విభాగంలో అదే మెట్టు మీదున్న 'పి'కి ఒక మాట చెప్పాలంటే శిఖరం మీదున్న 'ఏ' దాకా ఎక్కి, మళ్లీ అటువైపు దిగాలి. లెక్కపెట్టండి, పది అంగలు. అందుకే ఇద్దరూ నేరుగా మాట్లాడుకోవచ్చన్నాడు. పనికి నష్టం వస్తున్నా మెట్లనే పట్టుకు వేలాడటం ఇంకా పెద్ద తప్పన్నాడు.

షిఫ్ట్ఇంచార్జి:
ఆ వంతెన పక్కవాడి దగ్గరికి. డైరెక్టర్ గదికి కాదు. పైగా ఇద్దరి పైవాళ్లూ ఒప్పుకోవాలి, ఏం మాట్లాడుకున్నారో వాళ్లకు చెప్పాలి. ఆ షరతు మీరు ఎందుకు మింగేశారు?

తలుపుతీయండి:
మింగలేదు. ఒప్పుకోవడం అంటే ప్రతిసారీ వెళ్లి అడుక్కోవడం కాదు.

షిఫ్ట్ఇంచార్జి:
ఒప్పుకోవడం అంటే ఒప్పుకోవడమే.

ఒక్కమాట:
ఇద్దరూ వంతెన మీదే ఆగిపోయారు. ట్రాఫిక్ జామ్ అవుతోంది, దిగండి.

తలుపుతీయండి:
సరే, అమెరికాలో హాథోర్న్ చూడండి. వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ వాళ్ల ఆ ఫ్యాక్టరీలో 1928 నుంచి 1930 దాకా ఇరవై వేల మందికి పైగా ఉద్యోగులను కూర్చోబెట్టి మాట్లాడించారు. మొదట్లో ప్రశ్నల పట్టీ పెట్టుకున్నారు. జనం మనసులో ఉన్నది వేరే అని తెలిశాక పట్టీ పక్కన పడేసి, చెప్పింది విన్నారు. తలుపు తీయడం అంటే అదీ.

షిఫ్ట్ఇంచార్జి:
అదే హాథోర్న్‌లో, టెలిఫోన్ రిలేలు బిగించే ప్రయోగపు గదిలో, కబుర్లు ఎక్కువయ్యాయని 1928 జనవరిలో ఇద్దరు అమ్మాయిలను తీసేసి వేరేవాళ్లను పెట్టారు. దీన్నేమంటారు? ఇంకో గదిలో పద్నాలుగు మంది మగవాళ్లు పనిచేసేవారు. తోటివాడి సంగతి పైకి మోసినవాణ్ని చాడీకోరుగా చూసేవారు. పై నుంచి తలుపు తీసినా కిందివాళ్లు రానివ్వరు.

నైట్‌డ్యూటీ:
ఇది మాత్రం నిజం. డైరెక్టర్ గదిలోంచి బయటికొచ్చినవాడి మొహం వంక ఫ్లోరంతా చూస్తుంది.

తలుపుతీయండి:
నా సంగతి చెబుతాను, అప్పుడు మాట్లాడండి. ఒక యంత్రంలో బేరింగ్ అరిగిపోయింది. "ఇది మార్చకుండా లైన్ నడపొద్దు" అని రాసిచ్చాను. నా పైవాడి దగ్గర అది "పరిశీలించవలసి ఉంది" అయింది. ఆ పై మెట్టులో "చిన్న మెయింటెనెన్స్ అంశం". చివరి పేజీకి చేరేసరికి "పరిస్థితి అదుపులో ఉంది". లైన్ నాలుగు రోజులు ఆగింది. విచారణలో నన్నే అడిగారు, గట్టిగా ఎందుకు చెప్పలేదని. 1986లో అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ కూలిపోయి ఏడుగురు పోయారు. ముందు రాత్రి రాకెట్ కంపెనీ ఇంజనీర్లు ఇంత చలిలో వద్దని మొత్తుకున్నారు. ఎగరవచ్చని తుది మాట చెప్పినవాళ్లకు ఆ సంగతే చేరలేదు. మీ మెట్ల ఘనత ఇది.

షిఫ్ట్ఇంచార్జి:
ఆ ఇంజనీర్ల మాట తిరగేసింది వాళ్ల సొంత మేనేజర్లు. మెట్లు కాదు, మనుషులు. అయినా ఆ రిపోర్టును మెత్తబరిచినవాడు దొంగ అన్నట్టు రాస్తున్నారే, నేనూ ఆ మధ్య మెట్టు మీద పాతికేళ్లు నిలబడ్డాను. షిఫ్ట్‌లో మనుషులు చాలడం లేదని ఆరు నెలలు రాశాను. పలికిన నాథుడు లేడు. మా కుర్రాడొకడు తెరిచిన తలుపులోంచి వెళ్లి అదే మాట చెప్పాడు. సోమవారం మీటింగులో అందరి ముందూ నన్ను, "ఇది మీకు తెలియదా?" కుర్రాడికి మెచ్చుకోలు, నాకు మెమో.

తలుపుతీయండి:
అంటే ఇదంతా మీ పరువు కోసమా? ఫేయోల్ పేరు పెట్టుకుని?

షిఫ్ట్ఇంచార్జి:
అవును, పరువే! తప్పు జరిగితే సంతకం నాది. మాట మాత్రం నా నెత్తి మీదుగా ఎగిరిపోవాలా?

తలుపుతీయండి:
ఎవరు మోశారన్నది కాదండీ నా ఏడుపు. మోసేటప్పుడు మాట మార్చారన్నది. నా వాక్యం నా వాక్యంగా వెళ్లి ఉంటే మీకు పది మెట్లు కాదు, యాభై ఉన్నా నాకేం?

షిఫ్ట్ఇంచార్జి:
ఉన్నదున్నట్టు పంపితే, "మరి నువ్వెందుకు, పోస్ట్‌మాన్‌లాగా?" అంటారు. ఘాటుగా పంపితే, "నీ షిఫ్ట్‌ని నువ్వే చూసుకోలేవా?" మెత్తబరిచింది ఎందుకనుకున్నారు? నా కిందివాళ్లకు భయపడి కాదు.

తలుపుతీయండి:
ఈ ముక్క ముందే చెప్పి ఉంటే వంతెన దగ్గర అంత కొట్టుకునేవాళ్లం కాదు. కానీ నా బేరింగ్ విషయంలో మాత్రం క్షమించను.

షిఫ్ట్ఇంచార్జి:
క్షమించమని అడగలేదు.

మూడోఅంతస్తు:
ఇవాళ ఆ మెయిల్‌కు జవాబు రాశాను: "తెలియజేయాలి అంటే అనుమతి తీసుకోవాలా, చెప్పి వెళ్తే చాలా?" కాపీ టీమ్ లీడర్‌కు కూడా పెట్టాను. డైరెక్టర్ నుంచి ఇంకా ఏమీ రాలేదు. టీమ్ లీడర్ మాత్రం రెండుసార్లు వచ్చి నా కుర్చీ పక్కన నిలబడి, "ఆయనేమైనా అన్నారా?" అని అడిగి వెళ్లాడు.