మోక్సి అలేసి ఇంట్లో కుదరడం లేదు, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో ఉంటున్నాం. మా పై అంతస్తులో ఒక సురినామ్ ఆంటీ ఉన్నారు. సురినామ్ రాజధాని పారామరిబోలో పుట్టారు, 1975లో ఆ దక్షిణ అమెరికా దేశానికి డచ్చివాళ్ల నుంచి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే కుటుంబంతో ఇక్కడికి వచ్చేశారట. మేం ఈ ఇంట్లో దిగిన మొదటి వారం, ఇంకా సామాన్ల పెట్టెలు కూడా విప్పలేదు, ఆవిడ పెద్ద గిన్నె నిండా మోక్సి అలేసి తెచ్చి ఇచ్చారు. వేడివేడి కొబ్బరిపాల అన్నం, అందులో అలసందలు, ఉప్పు మాంసం ముక్కలు, పొగబెట్టిన చికెన్, పక్కన వెనిగర్‌లో ఊరిన దోసకాయ. ఆ వానలో, ఆ చలిలో అది తింటుంటే ప్రాణం లేచొచ్చింది.

ఇప్పుడు ఆవిడ మణికట్టు విరిగి కట్టు వేశారు, కొన్ని వారాలు వంటింట్లోకి వెళ్లలేరు. వచ్చే ఆదివారం నేనే వండి తీసుకెళ్దామని నిన్న ఒకసారి వండి చూశాను. ఉప్పు కషాయంలా అయింది, అన్నం ముద్ద కట్టింది, పైగా కలుపుతుంటే మదామ్ జనెట్ మిరపకాయ గరిటె తగిలి పగిలిపోయింది, పిల్లలు ఒక్క ముద్ద కూడా తినలేకపోయారు. ఆవిడని కొలతలు అడిగితే "చేతికి తెలుస్తుంది" అంటారు. నా చేతికి తెలియడం లేదు. కుక్కర్‌లో పెట్టొచ్చా? ఎవరైనా వండినవాళ్లుంటే చెప్పండి, ఆదివారం అంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు 1
పారామరిబోలో నాలుగేళ్లు ఉన్నాను, మా ఇంటి ఓనరమ్మ దగ్గర నిలబడి నేర్చుకున్నాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను. మీ తప్పులు రెండే, మాంసంలో ఉప్పు తీయకపోవడం, ఎసరు లెక్క తప్పడం.

షాపులో జౌట్‌ఫ్లేస్ అని అమ్మేది నిల్వ కోసం ఉప్పులో ఊరబెట్టిన గొడ్డు మాంసం. దాన్ని కడిగేస్తే సరిపోదు. పావు కిలో తీసుకుని రాత్రంతా చల్లని నీళ్లలో నానబెట్టండి, పొద్దున ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లలో ఉడికించి అవీ పారబోయండి, తర్వాత ఒక ముక్క నోట్లో వేసుకుని చూడండి. ఇంకా ఉప్పగా ఉంటే మళ్లీ ఉడికించండి. ఈ నీళ్లు రుచి ఉన్నాయని ఎసట్లో పోశారో, మళ్లీ నిన్నటి కథే.

ఎసరు విషయానికొస్తే, మీరు బియ్యానికి మామూలుగా పోసే నీళ్లు పోసి, దానిమీద కొబ్బరిపాలు కూడా పోసి ఉంటారు. పాలు కూడా ఎసట్లో భాగమే. రెండు కప్పుల పొడుగు బియ్యానికి పాలు, నీళ్లు కలిపి మూడు కప్పులు, అంతకు మించొద్దు. ఉల్లి, టమాటా, అలసందల నుంచి వచ్చే తడి కూడా ఉంటుంది. వండేది అత్తెసరుగానే, వార్చే పని లేదు. నికెరి జిల్లాలో పండే సురినామ్ బియ్యం హేగ్‌లో దొరికితే అదే కొనండి.

మందపాటి గిన్నెలో నూనె వేసి ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు తీసిన మాంసం ముక్కలు బాగా వేయించి, ఒక చిన్న టమాటా, నాలుగైదు ఆల్‌స్పైస్ గింజలు, సెలరీ ఆకు వేయండి. కడిగిన బియ్యం ఒక నిమిషం అందులో తిప్పి, ఎసరు పోసి, విడిగా ముందే ఉడికించి పెట్టుకున్న అలసందలు ఒక కప్పు, పొగబెట్టిన చికెన్ ముక్కలు వేయండి. పొంగు రాగానే మంట బాగా తగ్గించి, మిరపకాయని తొడిమతో సహా పైన పడుకోబెట్టి మూత పెట్టండి. ఇరవై నిమిషాలు మూత తీయకండి, కలపకండి. దించాక పది నిమిషాలు ఆగి, ముందు మిరపకాయ తీసేసి అప్పుడు కలపండి.

జవాబు 2
పైన చెప్పిన పద్ధతి కరెక్ట్. నాది ఒక్క మాట, క్యూబ్ వేశారా? చాలామంది అలవాటుగా బులియన్ క్యూబ్, అంటే రుచి కోసం వేసే ఉప్పటి సూప్ బిళ్ల, వేస్తారు. మాంసంలో ఉప్పు, క్యూబ్‌లో ఉప్పు, ఎండు రొయ్యలు వేస్తే వాటిలో ఉప్పు. విడిగా ఉప్పు అసలు వేయకండి, క్యూబ్ సగం చాలు, అదీ ఎసరు రుచి చూశాకే. మదామ్ జనెట్‌ది ఒట్టి కారం కాదు, మంచి పళ్లలాంటి వాసన, ఆవిరికే ఆ వాసన అన్నానికి పడుతుంది. చీలిక లేని గట్టి కాయ ఏరుకోండి.

జవాబు 3
కుక్కర్ వద్దండి. కొబ్బరిపాలు అడుగంటుతాయి, మిరపకాయ కూడా ఆ ఒత్తిడికి చిట్లిపోతుంది.

పేరు సంగతి కూడా చెప్తాను, ఆంటీతో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. సురినామ్‌లో మాట్లాడే స్రానన్ భాషలో మోక్సి అంటే కలిపినది, అలేసి అంటే బియ్యం. ఇది ఆఫ్రికా మూలాలున్న క్రియోల్ కుటుంబాల వంట. 1863 జులై 1న బానిసత్వం రద్దయ్యేదాకా తోటల్లో పనిచేసినవాళ్లకి ఉప్పు మాంసం, ఉప్పు చేపే రేషన్‌గా ఇచ్చేవారు, అవే ఇంటి వంటలో నిలిచిపోయాయి. అందుకే ఉప్పు మాంసం తీసేసి మామూలు మాంసంతో చేస్తే ఆంటీ మర్యాదకి బాగుందంటారేమో గానీ, ఆవిడకి తెలిసిన రుచి మాత్రం రాదు. బీన్స్ మాత్రం ఇంటింటికీ వేరు, అలసందలు లేకపోతే బ్రౌన్ బీన్స్ వేసేవాళ్లూ ఉన్నారు. పక్కన బాగా పండిన అరటి ముక్కలు వేయించి పెట్టండి, బకబానా అంటారు.

అడిగినవారు
ముగ్గురికీ థాంక్స్ అండీ. క్యూబ్ ఒకటి కాదు, రెండు వేశాను! ఈ రోజు అరకప్పు బియ్యంతో మళ్లీ ప్రయత్నించాను, మాంసం రెండుసార్లు ఉడికించి నీళ్లు పారబోశాను, అన్నం పొడిపొడిగా వచ్చింది, మిరపకాయ చెక్కుచెదరలేదు. ఆదివారం పది మందికి చేయాలి, వాళ్ల మనవలు కూడా వస్తున్నారట. ఎసరు అదే లెక్కన పెంచేయొచ్చా?

జవాబు 1
పెద్ద గిన్నెలో ఆవిరి తక్కువ పోతుంది, కాబట్టి లెక్కకి అరకప్పు తగ్గించి పెట్టండి, పలుకుగా ఉంటే వేడినీళ్లు చిలకరించి మళ్లీ మూతేయొచ్చు, ఎక్కువైతే మాత్రం తీయలేం. మాంసం శనివారం రాత్రే నానబెట్టండి. గిన్నె అడుగున ఎర్రగా పట్టింది గీకి పారేయకండి, ఓనరమ్మ ఇంట్లో దానికోసం పిల్లలు పోట్లాడుకునేవారు.