పెళ్లి ఫొటోలకు లైట్‌రూమ్ వదిలి వేరేదానికి మారవచ్చా?

గోదారిగట్టు:
నేను రాజమహేంద్రవరంలో పెళ్లి ఫొటోలు తీస్తుంటాను. ఒక్కో పెళ్లికి మూడు వేలకు పైగా రా ఫైళ్లు (కెమెరా సెన్సార్ నమోదు చేసిన డేటాను ఉన్నదున్నట్టు దాచే ఫైళ్లు) పోగవుతాయి. ఇంతకాలం ఫొటోలను ఏరి, సవరించే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ క్లాసిక్‌తోనే నెట్టుకొస్తున్నాను గాని, తెర మీద చూసుకునే ప్రివ్యూలు తయారయ్యేసరికే ఒక పూట గడిచిపోతోంది. క్యాప్చర్ వన్‌కు మారమని కొందరు, డార్క్‌టేబుల్ ఉచితమే కదా అని మరికొందరు అంటున్నారు. మారినవారు తమ అనుభవం చెప్పగలరా?

తలంబ్రాలు:
మీకు ఆలస్యమవుతున్నది ఎడిటింగ్‌లో కాదు, సెలెక్షన్‌లో అండి. తలంబ్రాల దగ్గర వరసగా నొక్కిన నలభై ఫ్రేముల్లో పెళ్లికూతురి కళ్లు తెరుచుకుని, బియ్యపు గింజలు ఇంకా గాలిలోనే ఉన్న ఆ ఒక్కదాన్ని పట్టుకోవడానికి రా ఫైల్‌ను పూర్తిగా తెరవనక్కరలేదు. కెమెరా అందులోనే ఒక జేపెగ్‌ను పొదిగి ఉంచుతుంది, ఫొటోలు ఏరడానికి వాడే ఫొటో మెకానిక్ అనే సాఫ్ట్‌వేర్ దాన్నే చూపిస్తుంది గనుక మీట నొక్కగానే ఫొటో మారుతుంది. నేను అక్కడ ఏరిన ఐదారు వందలను మాత్రమే లైట్‌రూమ్‌లోకి తీసుకుంటాను. అయితే అది కొనే ముందు, లైట్‌రూమ్ ఇంపోర్ట్‌లో ప్రివ్యూలను ‘ఎంబెడెడ్ అండ్ సైడ్‌కార్’కు మార్చి చూడండి, పైసా ఖర్చు లేదు.

వెలుగునీడ:
నేను స్టూడియోలో నగల ఫొటోలు తీస్తాను. కెమెరాను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, దుకాణం వారు పక్కనే కూర్చుని తెర మీద చూస్తుండగా పని చేయడానికి క్యాప్చర్ వన్ నాకు బాగా కుదిరింది. మంగళస్నానం ఫొటోల్లో ముఖానికి పసుపు ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా కనబడితే, దాని స్కిన్ టోన్ పరికరంతో సమం చేయవచ్చు. అయినా ఆ ఒక్క సౌకర్యం కోసం మారమని చెప్పను.

పిట్టలవేట:
లైట్‌రూమ్ మనం చేసిన సవరణలను మామూలుగా కేటలాగ్ అనే తన సొంత డేటాబేస్ ఫైల్‌లోనే దాస్తుంది. బ్యాకప్ లేని నా డిస్క్ పాడైనప్పుడు, రా ఫైళ్లు వేరే డిస్క్‌లో భద్రంగానే ఉన్నా, నేలపట్టు గూడబాతుల ఫొటోల మీద నేను చేసిన ఏడాది పని మొత్తం పోయింది. సవరణలను ఫొటో పక్కనే విడిగా దాచే ఎక్స్‌ఎంపీ ఫైళ్లు రాసే అవకాశం సెట్టింగుల్లో ఉన్నా నేను ఆన్ చేసుకోలేదు, తప్పు నాదే. డార్క్‌టేబుల్ ప్రతి ఫొటో పక్కనే ఆ ఫైల్‌ను తానే రాస్తుంది గనుక అటు మారాను. చేయి తిరగడానికి రెండు నెలలు పట్టింది. లైట్‌రూమ్‌లో చేసిన రంగుల సవరణలు అందులోకి ఉన్నవున్నట్టు రావు, కాబట్టి పెళ్లిళ్ల సీజన్ మధ్యలో మాత్రం మారకండి.

గోదారిగట్టు:
అందరికీ ధన్యవాదాలు. ఆదివారం నాటి పెళ్లికి తలంబ్రాలు గారు చెప్పిన సెట్టింగ్ వాడితే, కాఫీ తాగి వచ్చేలోగా సెలెక్షన్ మొదలుపెట్టగలిగాను. ఎక్స్‌ఎంపీ కూడా ఆన్ చేశాను. 12×36 అంగుళాల ఆల్బమ్ షీట్లకు ఎలాగూ ఫొటోషాప్ కావాలి, అది లైట్‌రూమ్‌తో కలిపి ఒకే చందాలో వస్తోంది గనుక ప్రస్తుతానికి మారడం లేదు. ఒక్క చిక్కు మిగిలింది: నా పాత కెమెరా పొదిగే జేపెగ్ చిన్నది కావడంతో, ఫోకస్ కంటి మీద పడిందో ముక్కుపుడక మీద పడిందో అందులో తేలడం లేదు. అలాంటి ఫొటోలకు మాత్రం పూర్తి ప్రివ్యూ తయారు చేసుకుంటున్నాను.