అప్‌డేట్: పైకప్పు పనుల కాంట్రాక్టరుకు ఏ బీమా సరిపోతుంది?

పైకప్పులు వేసే, మరమ్మతు చేసే నా వ్యాపారానికి ఏ బీమా తగినదని అడిగినప్పుడు సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. ప్రీమియం కన్నా ముందు మినహాయింపులు, అంటే పాలసీ వర్తించని సందర్భాలు, చదవమన్న సలహాయే పనికొచ్చింది. బ్రోకరు పరిశీలించగా, నేను దాదాపు ఖాయం చేసుకున్న చౌక లయబిలిటీ పాలసీలో (మా పని వల్ల బయటివారికి జరిగే నష్టాన్ని భరించే బీమాలో) నిర్ణీత ఎత్తుకు మించిన పనులకు, గ్యాస్ మంటతో షీట్లు అతికించే వాటర్‌ప్రూఫింగుకు, పాత కప్పు విప్పాక వాన నీరు దిగి జరిగే నష్టానికి రక్షణ లేదని తేలింది. ఇవి తీసేస్తే మా పనిలో ఇక మిగిలేదేమిటి? చివరకు ఈ మూడింటినీ, పని అప్పగించిన తరువాత బయటపడే నష్టాలనూ చేర్చిన పాలసీ తీసుకున్నాను. లయబిలిటీ పాలసీ బయటివారి నష్టానికే గాని సొంత కూలీల గాయాలకు వర్తించదు కనుక, కార్మిక పరిహార బీమా విడిగా చేయించాను.