వీగన్‌గా మారిన ఎనిమిది నెలలకు నీరసం: హాస్టల్ విద్యార్థిని ఏం తినాలి, ఏ పరీక్షలు చేయించుకోవాలి?

(ఒక చర్చావేదికలో అడిగిన ప్రశ్న, దానికి వచ్చిన జవాబులు. ప్రతి భాగం పైన ఉన్నది రాసినవారి కలం పేరు.)

తొలిమొలక (ప్రశ్న)

నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ హాస్టల్‌లో ఉంటున్నాను. ఎనిమిది నెలల కిందట మాంసం, గుడ్లతో పాటు పాలు, పెరుగు, వెన్న, తేనె కూడా పూర్తిగా మానేసి వీగన్‌గా మారాను. జంతువుల పట్ల నా మనసులో చాలాకాలంగా ఉన్న బాధే దానికి కారణం. బాగా ఆలోచించి తీసుకున్న నిర్ణయం కనుక దాన్ని మార్చుకునే ఉద్దేశం నాకు లేదు. దానికి లోబడి ఏ సలహా ఇచ్చినా శ్రద్ధగా వింటాను.

మొదటి నాలుగైదు నెలలు హాయిగానే గడిచాయి. రెండు నెలలుగా మాత్రం మూడో అంతస్తులోని తరగతి గదికి మెట్లెక్కి వెళ్లేసరికి గుండె దడదడలాడుతోంది, మధ్యలో ఆగి గోడ పట్టుకుని నిలబడవలసి వస్తోంది. తల దువ్వుకుంటే దువ్వెన నిండా వెంట్రుకలే. మధ్యాహ్నం పుస్తకం ముందు కూర్చుంటే ఒకే పేరా మూడుసార్లు చదివినా తలకెక్కడం లేదు. మెస్‌లో నేను తినగలిగేవి అన్నం, బ్రెడ్డు, బంగాళదుంపలు, కూరగాయలు, పండ్లు. పప్పు ఎప్పుడో ఒకసారి దొరుకుతుంది. భోజనం కాగానే పాలు లేని టీ తాగడం నాకు అలవాటు. గదిలో నీళ్లు కాచుకునే కెటిల్ తప్ప ఇంకే వంట సామగ్రీ ఉంచుకోనివ్వరు.

నా సందేహాలు మూడు. విటమిన్ బి12 కోసం స్పిరులినా అనే నాచు పొడి తీసుకుంటే సరిపోతుందా? నా గదిలో ఉండే స్నేహితురాలి దగ్గర ఐరన్ మాత్రలు ఉన్నాయి, అవి వేసుకోవచ్చా? ప్రొటీన్ పొడి కొనుక్కోవడం తప్పనిసరా?

గింజధాన్యం

నేను పోషకాహార శాస్త్రం చదివి ఆ వృత్తిలోనే ఉన్నాను. మిమ్మల్ని చూడకుండా మీ జబ్బు ఇదీ అని చెప్పడం సరికాదు కాబట్టి, మీరు అడిగిన వాటికి మాత్రం నాకు తెలిసినంతవరకు వివరంగా చెబుతాను.

ముందుగా బి12. దీన్ని తయారు చేయగలిగినవి కొన్ని రకాల బాక్టీరియా మాత్రమే; మొక్కలు దాన్ని తయారు చేయవు, వాటికి దాని అవసరమూ లేదు. స్పిరులినాలో ఉండేది ఎక్కువగా బి12ను పోలిన మరో పదార్థం, అది మన శరీరానికి ఉపయోగపడదు. కనుక స్పిరులినాను నమ్ముకోవద్దు. పెద్దవారికి రోజుకు కావలసింది 2.4 మైక్రోగ్రాములే అయినా, మాత్రల మీద 500 అనీ 1000 అనీ రాసి ఉండడం చూసి చాలామంది భయపడతారు. పేగులు ఒక్క విడతలో సులువుగా పీల్చుకోగలిగేది రెండు మైక్రోగ్రాములకు అటూఇటూగానే ఉంటుంది, ఆపైన వేసుకున్నదానిలో దాదాపు నూటికి ఒక వంతు మాత్రమే లోపలికి వెళుతుంది. అందుకే రోజూ తీసుకుంటే 10 మైక్రోగ్రాములు, వారానికి ఒకసారి అయితే 2000 మైక్రోగ్రాములు అని వీగన్ సొసైటీ సూచిస్తోంది. వీగన్ అనే మాట పుట్టింది ఆ సంస్థతోనే, 1944లో బ్రిటన్‌లో. బి12ను విడదీసి గుర్తించింది 1948లో. అంటే ఆ తొలి నాలుగేళ్లలో ఈ మార్గంలో నడిచినవారికి తమ ఆహారంలో ఏది లోపించిందో తెలుసుకునే అవకాశమే లేదు. మనకు ఉంది. వీగన్‌గా ఉండదలచినవారు మిగతావన్నీ ఆహారంతో సర్దుకున్నా బి12ను మాత్రం మాత్రగానో, దాన్ని కలిపిన ఆహారంగానో తీసుకోవలసిందే. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

అయితే కాలేయంలో బి12 నిల్వ సాధారణంగా కొన్నేళ్లపాటు వస్తుంది కాబట్టి, ఎనిమిది నెలల్లోనే మీకొచ్చిన ఆయాసం, జుట్టు రాలడం చూస్తే నాకు ముందుగా అనుమానం కలిగేది ఇనుము మీద. మీ వయసు స్త్రీలకు రోజుకు 18 మిల్లీగ్రాముల ఇనుము కావాలని అమెరికా ప్రమాణాలు చెబుతాయి. మొక్కల్లోని ఇనుము తక్కువగా ఒంటబడుతుంది కనుక శాకాహారులకు దానికి 1.8 రెట్లు కావాలని కూడా అవే అంటాయి. మీరు రాసిన భోజనంలో పప్పులు, గింజలు దాదాపుగా లేవు, పైగా ఆ కాస్త ఇనుమునూ భోజనం వెంటనే తాగే టీ అడ్డుకుంటోంది. టీని భోజనానికి కనీసం గంట దూరం జరపండి. నిమ్మరసమో, నారింజో, జామపండో భోజనంతో పాటే తీసుకుంటే వాటిలోని విటమిన్ సి వల్ల ఇనుము మరింత బాగా ఒంటబడుతుంది.

మీ స్నేహితురాలి మాత్రలు మాత్రం వేసుకోకండి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లోని ఇనుము నిల్వను చూపేది), బి12, థైరాయిడ్ పరీక్షలు ముందు చేయించుకోండి. మాత్రలు మొదలుపెట్టాక పరీక్ష చేయిస్తే అసలు సంగతి మరుగున పడుతుంది. పైగా అవసరం లేనివారి ఒంట్లో ఇనుము పేరుకుంటే అది హాని చేస్తుంది.

నడకదారి

పై సమాధానంలో బి12 గురించి రాసినది నా కాళ్లతో అనుభవించాను కాబట్టి చెబుతున్నాను. నేను వీగన్‌గా మారి ఐదేళ్లపాటు ఒక్క మాత్రా వేసుకోలేదు. ఆకుకూరలు, పప్పులు బాగా తినేవాణ్ణి, పరుగెత్తేవాణ్ణి, హిమోగ్లోబిన్ ఎప్పుడు చూసినా సరిగ్గానే ఉండేది. ఆ సరిగ్గా ఉండడమే నన్ను మోసం చేసింది. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఫోలేట్ అనే విటమిన్ సమృద్ధిగా అందుతుంటే బి12 లోపం వల్ల రావలసిన రక్తహీనత బయటపడకపోవచ్చునట. ఈలోగా నరాలు దెబ్బతింటూనే ఉంటాయి.

మొదట అరికాళ్లలో తిమ్మిర్లు వచ్చేవి. ఎక్కువసేపు కూర్చోవడం వల్ల అనుకున్నాను. నేను కలిసిన మొదటి డాక్టరు కూడా చదువు ఒత్తిడి అన్నారు. ఒకరోజు దారిన నడుస్తుంటే వెనక నుంచి ఎవరో కేకేసి, "మీ చెప్పు అక్కడే ఉండిపోయింది" అన్నారు. తిరిగి చూస్తే ఏడెనిమిది అడుగుల వెనక నా ఎడమకాలి చెప్పు పడి ఉంది. చెప్పు జారిందన్న సంగతి గానీ, కంకర మీద వట్టి కాలితో నడుస్తున్నానన్న సంగతి గానీ నాకు తెలియలేదు. ఇంజెక్షన్లు మొదలుపెట్టాక నెలల తరబడి పట్టింది కోలుకోవడానికి. ఎడమ చిటికెన వేలికి ఇప్పటికీ పూర్తి స్పర్శ రాలేదు.

మీకు తిమ్మిర్లు లేకపోయినా సరే, బి12 మాత్రను ఈ వారమే మొదలుపెట్టండి. కాకపోతే పరీక్షకు రక్తం ఇచ్చి వచ్చిన తరువాతే మొదలుపెట్టండి.

కెటిల్‌వంట

నేను నాలుగేళ్లు కెటిల్‌తోనే గడిపాను. మూడో సందేహానికి నా జవాబు: పొడి అవసరం లేదు. శరీర బరువులో కిలోకు 0.8 గ్రాముల ప్రొటీన్ అన్నది సాధారణ లెక్క. మొక్కల ఆహారం తినేవారు దాన్ని ఒక గ్రాము దాకా పెంచుకుంటే నిశ్చింత. అంటే యాభై కిలోల మనిషికి యాభై గ్రాములు. మనం మీల్ మేకర్ అని పిలిచే సోయా ముక్కల బరువులో సుమారు సగం ప్రొటీనే. యాభై గ్రాముల ముక్కల మీద కెటిల్‌లో మరిగిన నీళ్లు పోసి మూతపెడితే పావుగంటలో మెత్తబడతాయి, పిండి ఆ నీళ్లు పారబోసి ఉప్పు, నిమ్మరసం కలుపుకుని మెస్ అన్నంతో తినవచ్చు. సగం లెక్క అక్కడే తీరింది. గుప్పెడు వేరుశనగ గింజలు మరో ఏడు గ్రాములు ఇస్తాయి.

వేడి నిలిచే మంచి ఫ్లాస్కు ఒకటి సంపాదించుకోండి. ముందు దాన్ని మరిగే నీళ్లతో ఒకసారి కడిగి, పొట్టు తీసిన ఎర్ర కందిపప్పు (మసూర్ పప్పు) లాంటి త్వరగా ఉడికే చిన్న పప్పు పావువంతు వేసి, మిగతాదంతా మరిగే నీళ్లతో నింపి గట్టిగా మూతపెట్టండి. గంట, గంటన్నరలో తినగలిగేంత మెత్తబడుతుంది. ఒక్క హెచ్చరిక చేయాలి: రాజ్మా గింజలను మాత్రం ఎప్పుడూ ఇలా వండకండి. పచ్చి రాజ్మాలో ఉండే లెక్టిన్ అనే పదార్థం వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది. నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో బాగా తెర్లేలా అరగంట ఉడికిస్తేనే అది పోతుంది. మరిగే స్థాయికి తగ్గిన ఫ్లాస్కులోని వేడికి పోకపోగా విషప్రభావం ఇంకా పెరుగుతుంది.

రెండోవైపు

మీ నిర్ణయాన్ని గౌరవిస్తూనే ఒక విషయం గుర్తు చేయదలచాను. బ్రిటన్‌లో దాదాపు 55,000 మందిని ఏళ్ల తరబడి గమనించిన ఎపిక్-ఆక్స్‌ఫర్డ్ అధ్యయనం 2020లో వెలువరించిన ఫలితాల ప్రకారం, మాంసం తినేవారికన్నా వీగన్లకు ఎముకలు విరిగే ముప్పు 43 శాతం ఎక్కువగా కనిపించింది. ఎముకలు గట్టిపడే వయసు ఇరవైల చివరితో దాదాపు ముగుస్తుంది. మీరు సరిగ్గా ఆ వయసులో ఉన్నారు. ఇక్కడ అందరూ బి12 గురించి రాస్తున్నారు గానీ కాల్షియం మాట ఎవరూ ఎత్తలేదు.

గింజధాన్యం

చాలా సరైన ప్రశ్న, నేను మొదటే రాయవలసింది. ఆ అధ్యయనంలో వీగన్ల బరువు, కాల్షియం, ప్రొటీన్ తక్కువగా ఉండడం కొంతవరకు కారణమని తేలింది. వాటిని లెక్కలోకి తీసుకున్నా తేడా పూర్తిగా పోలేదు. కనుక దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. పాలకూరలో కాల్షియం దండిగా ఉందని పట్టికల్లో కనిపిస్తుంది కానీ, అందులోని ఆక్సలేట్ దాన్ని పట్టి ఉంచడం వల్ల మనకు అందేది నూటికి ఐదు వంతులే. బ్రకోలీ, క్యాబేజీ జాతి ఆకుల నుంచైతే సగం దాకా ఒంటబడుతుంది. కాల్షియం లవణంతో గట్టిపరిచిన టోఫూ (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది), కాల్షియం కలిపిన సోయా పాలు అన్నిటికన్నా సులువైన దారులు. సోయా పాల డబ్బాను వంచే ముందు ప్రతిసారీ గట్టిగా కుదపండి, కలిపిన కాల్షియం అడుగుకు దిగి ఉంటుంది. కుదపకుండా తాగేవారు ఆఖరి గ్లాసు దాకా పలచని నీళ్లే తాగి, అడుగున మిగిలిన తెల్లటి మడ్డిని సింకులో కడిగేస్తుంటారు.

ఎండ తగలని చదువు జీవితంలో విటమిన్ డి కూడా తగ్గుతుంది కాబట్టి పరీక్షల జాబితాలో దాన్నీ చేర్చండి. ఉప్పు అయోడిన్ కలిపినదై ఉండాలి. రోజుకు ఒక పెద్ద చెంచా అవిసెగింజలు, పొడి చేసినవి, ఒమేగా-3 కోసం చాలు. గింజలుగా మింగితే చాలావరకు అలాగే బయటికి పోతాయి.

నిదానం

తొలిమొలక గారూ, మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. ఏమేం మానేశారో, ఏమేం దొరుకుతాయో రాశారు గానీ ఎంత తింటున్నారో రాయలేదు. రాత్రిపూట ఏం తింటున్నారు? బరువు తగ్గారా? నెలసరి సక్రమంగా వస్తోందా? బదులు ఇక్కడ రాయనక్కరలేదు, డాక్టరుకు చెబితే చాలు. ఆహారంలో ఒక్కొక్కటి తీసేసుకుంటూ పోవడం కొందరిలో తెలియకుండానే తిండి మీద భయంగా మారుతుంది, నా చెల్లెలి విషయంలో అలా జరగడం దగ్గర నుంచి చూశాను. అందుకే అడుగుతున్నాను.

తొలిమొలక

మూడు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. హిమోగ్లోబిన్ 10.4, ఫెరిటిన్ 7 వచ్చాయి, రెండూ తక్కువే. బి12 కింది హద్దుకు దగ్గరగా ఉంది. థైరాయిడ్ బాగానే ఉంది. డాక్టరు ఐరన్ మాత్రను రోజు విడిచి రోజు వేసుకోమన్నారు, బి12 వేరుగా రాశారు.

నిదానం గారి ప్రశ్నకు ఇక్కడే జవాబు రాస్తాను, నాలాంటివాళ్లు చదువుతారేమో. మెస్‌లో రాత్రి నేను తినదగ్గది లేని రోజుల్లో రెండు అరటిపండ్లు తిని పడుకునేదాన్ని, అలాంటి రోజులు వారానికి నాలుగైదు ఉండేవి. ఆరు కిలోలు తగ్గాను. రెండు నెలలుగా నెలసరి రాలేదు. చదువు ఒత్తిడి అనుకుని ఎవరికీ చెప్పలేదు. డాక్టరు విని, మాత్రలకన్నా ముందు రాత్రి భోజనం మొదలుపెట్టమన్నారు. ఇప్పుడు ఫ్లాస్కులో పప్పు, సోయా ముక్కలు, బ్రెడ్డు రోజూ రాత్రి తింటున్నాను. మెస్ నిర్వాహకులతో మాట్లాడితే మధ్యాహ్నం రోజూ ఒక పప్పు వండడానికి ఒప్పుకున్నారు, అడగకుండా ఎనిమిది నెలలు గడిపినందుకు విచారంగా ఉంది.

రోజు విడిచి రోజు అంటే కోలుకోవడం ఆలస్యం కాదా అన్న బెంగ ఒకటి మిగిలింది.

గింజధాన్యం

అంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. బెంగ అక్కరలేదు. ఐరన్ మాత్ర వేసుకున్నాక కాలేయం హెప్సిడిన్ అనే హార్మోనును ఎక్కువగా విడుదల చేస్తుంది, దాని ప్రభావంతో దాదాపు ఒక రోజుపాటు పేగులు ఇనుమును తక్కువగా పీల్చుకుంటాయి. అది తగ్గాక వేసుకున్న మాత్ర మరింత బాగా ఒంటబడుతుంది, కడుపులో వికారమూ తక్కువగా ఉంటుంది. ఆ మాత్రను కాల్షియం మాత్రతోనూ, సోయా పాలతోనూ, టీతోనూ కలిపి వేసుకోవద్దు. మలం నల్లబడితే కంగారుపడకండి, అది మాత్ర వల్లే. హిమోగ్లోబిన్ సరి అయిన తరువాత కూడా ఫెరిటిన్ నిండడానికి మరికొన్ని నెలలు పడుతుంది కాబట్టి, ఒంట్లో బాగుందని మధ్యలో ఆపేయకుండా డాక్టరు చెప్పిన తేదీకి మళ్లీ రక్తపరీక్ష చేయించుకోండి. జుట్టు కోసమని బయోటిన్ మాత్రలేవైనా వాడుతుంటే ఆ సంగతి రక్తం ఇచ్చే ముందే చెప్పండి, అవి థైరాయిడ్ పరీక్ష ఫలితాలను తప్పుగా చూపించగలవు.