165/80 ఆర్14 టైర్ల బదులు 185/70 ఆర్14 వేయొచ్చా? గాలి ఎంత?

కర్నూలులో ఉంటా. స్విఫ్ట్‌కి 165/80 ఆర్14 టైర్లు అరిగినాయి. షాపులో 185/70 ఆర్14 వేయించుకోమంటున్నారు. అనంతపురం హైవేలో ఎక్కువ తిరుగుతుంటా. ఎండాకాలం గాలి తగ్గించాలంటున్నారు, నిజమేనా?

కడప_చక్రం: సైజు సరిపోతుందన్నా. పాత టైరు వ్యాసం సుమారు 620 మి.మీ., కొత్తది 615. ఒక శాతం కూడా తేడా లేదు, మీటర్ రీడింగు దాదాపు మారదు. లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె) మాత్రం చూడండి: పాతదాని మీద 85 ఉంటే (టైరుకు 515 కిలోలు) అంతకు తగ్గకూడదు. వెడల్పు 165 నుంచి 185 మి.మీ. అవుతుంది కాబట్టి పట్టు పెరుగుతుంది, మైలేజీ కొంచెం పడుతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పి లోపల రాసుకుంటోందేమో చూశాకే డబ్బులివ్వండి.

గాలి_లెక్క: ఎండకని గాలి తగ్గించడం శుద్ధ తప్పు. గాలి తక్కువైతే టైరు పక్కగోడ ఎక్కువ మడతపడి ఇంకా వేడెక్కుతుంది, హైవే మీద పగిలేది అందుకే. డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కరు మీదున్న అంకె చల్లటి టైరుకు. పొద్దున్నే, బండి కదలకముందే పట్టించండి. పది డిగ్రీల వేడికి ఒకటిన్నర పీఎస్ఐ దాకా పెరుగుతుంది. డోన్ దాటాక ఎక్కువ చూపిస్తోందని గాలి తీసేయొద్దు, చల్లారాక తక్కువైపోతుంది. టైరు మీద రాసిన మ్యాక్స్ ప్రెషర్ గరిష్ఠ హద్దు, అంత కొట్టించకండి.

కడప_చక్రం: ఇంకోటి, టైరు పక్కగోడ మీదుండే డాట్ (DOT) కోడ్ చివరి నాలుగంకెలు చూడండి. 2324 అంటే 2024లో 23వ వారం తయారైందని. పాత స్టాకు అంటగడతారు. స్టెప్నీ పాత సైజే కదా, పంక్చరైతే షాపు దాకా మెల్లగా పోవడానికే వాడండి.